“చూస్తాం అత్తయ్యా” అంటే రానన్నట్టేనా?

ప్రశ్న:

అక్కా, నాకు 29 ఏళ్ళు, హైదరాబాద్‌లో మియాపూర్ సైడ్ ఉంటాం, ఇద్దరం సాఫ్ట్‌వేరే. పెళ్ళై రెండేళ్ళు దాటింది. మామగారు లేరు, అత్తగారు తెనాలి దగ్గర పల్లెటూళ్ళో ఒక్కరే ఉంటారు. ఆవిడ మంచావిడే, నేనూ ఇంతవరకూ ఒక్క మాట అనలేదు, కానీ నేనేం మాట్లాడినా తేడా కొడుతోంది. మొన్న ఫోన్ చేసి "సంక్రాంతికి వస్తున్నారా అమ్మా" అని అడిగారు, నేను లాప్‌టాప్‌లో మీటింగ్‌లో ఉండి మైక్ మ్యూట్ పెట్టి ఫోన్ ఎత్తాను, "చూస్తాం అత్తయ్యా" అన్నాను. లీవ్ సంగతి నిజంగానే తేలలేదు, శుక్రవారం గానీ తెలీదు. సాయంత్రానికి మా ఆడపడుచు ఫోన్ చేసి "అమ్మతో రానన్నావంటగా వదినా" అంది. ఫ్యామిలీ గ్రూప్‌లో అత్తయ్య "మీ కోసం అరిసెలు చేయిస్తున్నా" అని పెడితే నేను "ఓకే." అని పెట్టా, దానికీ బాధపడ్డారు. మా ఆయన్ని అడిగితే "నీ మాటలో తప్పులేదు, చెప్పే తీరే అలా ఉంటుంది" అంటారు. నాకు చిన్నప్పట్నుంచీ మొహంలో ఎక్స్‌ప్రెషన్ తక్కువ. ఆఫీస్ ట్రైనింగ్‌లో ఏమో కమ్యూనికేషన్‌లో 93 శాతం బాడీ లాంగ్వేజ్, టోన్ మాత్రమే, మాటలది 7 శాతమే అని స్లైడ్ చూపించారు. అంటే నేను నిజం మాట్లాడినా ఉపయోగం లేదా? ఇప్పుడు నవ్వడం నేర్చుకోవాలా? ఇంకోటి, ఆవిడ "నాకేం, బానే ఉన్నా" అంటారు కానీ గొంతు అలా ఉండదు, అప్పుడు మాట నమ్మాలా గొంతు నమ్మాలా? అసలు తక్కువ మాట్లాడితే ఏ గొడవా ఉండదేమో అనిపిస్తోంది.

సమాధానం:

చెల్లీ, ముందు ఆ 93 శాతం సంగతి తేల్చేద్దాం, నీ బెంగలో సగం ఆ స్లైడ్ వల్లే వచ్చినట్టుంది. ఆ లెక్క ట్రైనింగుల్లో, యూట్యూబ్ వీడియోల్లో, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుల్లో ఏళ్ళ తరబడి తిరుగుతోంది, ఎక్కడ పుట్టిందో చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. 1967లో అమెరికాలో యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ తన తోటివాళ్ళతో కలిసి రెండు చిన్న ప్రయోగాలు చేశాడు. ఒకదాన్లో విడివిడి మాటల్ని రకరకాల గొంతుల్లో వినిపించారు. ఇంకోదాన్లో అయితే ఒకే ఒక్క మాట, ఇంగ్లీషులో "మేబీ" అంటారే అది, దాన్ని ఇష్టంగా ఒకసారి, మామూలుగా ఒకసారి, అయిష్టంగా ఒకసారి పలికించి, దాంతో పాటు మొహాల ఫోటోలు చూపించి, ఈ మాట్లాడే మనిషికి అవతలి మనిషంటే ఇష్టమా కాదా చెప్పండి అన్నారు. ఆ రెండిటి లెక్కలూ కలిపితే మాటకి 7, గొంతుకి 38, మొహానికి 55 అని వచ్చింది. ఇష్టాయిష్టాల గురించి, ఫీలింగ్స్ గురించి మాట్లాడేటప్పుడు తప్ప ఈ లెక్క ఇంకెక్కడా పనికిరాదని తర్వాత ఆయనే స్పష్టంగా చెప్పాడు కూడా. మందుల షాపులో అతను "ఇది పొద్దున ఒకటి, ఇది రాత్రి అన్నం తిన్నాక ఒకటి" అంటే అసలు విషయమంతా మాటల్లోనే ఉంది, అతని మొహం చూసి మందులు వేసుకోలేం కదా. కాబట్టి నా మాటలకి విలువ లేదు అనే ఆలోచన ఇవాళే తీసి పక్కన పెట్టెయ్.

అయితే ఆ ప్రయోగంలో వాడిన మాట ఎలాంటిదో చూడు. అవుననీ కాదు, కాదనీ కాదు, లోపల ఏమీ లేని మాట. అలాంటి మాట చెవిన పడ్డప్పుడు ఎవరైనా ఏం చేస్తారు, గొంతు వైపు చూస్తారు, మొహం వైపు చూస్తారు, అక్కడ ఏది దొరికితే దాంతో నింపుకుంటారు. నీ "చూస్తాం" కూడా సరిగ్గా అలాంటిదే. మన ఇళ్ళల్లో రావాలని ఉండీ తేలనప్పుడు చూస్తాం అంటారు, రావడం ఇష్టం లేక ఆ మాట మొహాన చెప్పలేకా చూస్తాం అంటారు, రెండూ అందరికీ తెలిసినవే. ఆ రెండిట్లో ఏదో తేల్చుకోడానికి ఆవిడకి నీ మొహం కనపడలేదు, ఫోన్ కదా. మిగిలింది గొంతు, అదీ ఒక చెవి మీటింగ్‌లో పెట్టిన గొంతు. ఆవిడ కావాలని వంకర అర్థం తీశారని నేననుకోను, నువ్వు ఇచ్చినవాటితోనే ఆవిడ అర్థం కట్టుకున్నారు.

ఇక్కడ నేను గట్టిగా చెప్పాలనుకునేది ఒకటుంది. మాట ఒక పక్క, మొహమూ గొంతూ ఇంకో పక్క పెట్టి ఏది ఎక్కువ ఏది తక్కువ అని శాతాలు తియ్యడమే తప్పు దారి. కాఫీ తాగాక ఈ రుచిలో డికాషన్‌ది ఎంత శాతం, పాలది ఎంత శాతం అని అడిగితే ఏం చెప్తాం? కలిశాక అది మూడో రుచి. ఇది ఏదో మాటవరసకి చెప్తున్నది కాదు, 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అని ఇద్దరు బ్రిటన్‌లో చేసి చూపించారు. వీడియోలో మనిషి పెదాలు "గ" అంటున్నట్టు కదులుతుంటాయి, సౌండ్ మాత్రం "బ" అని అతికించారు. చూసినవాళ్ళలో పెద్దవాళ్ళు ఎక్కువమందికి వినిపించింది గ కాదు, బ కాదు, "డ". కళ్ళు మూసుకుంటే మళ్ళీ బ వినిపిస్తుంది, తెరిస్తే డ. ఒక్క అక్షరం దగ్గరే కన్నూ చెవీ కలిసి రెండిట్లోనూ లేనిదాన్ని తయారు చేస్తుంటే ఇంక అత్తాకోడళ్ళ మధ్య ఒక వాక్యం సంగతి వేరే చెప్పాలా.

మన విస్తరి దగ్గర చూడు ఇది ఎంత బాగా తెలుస్తుందో. బంతిలో కూర్చున్నాం, వడ్డించే ఆవిడ బొబ్బట్టు పట్టుకొచ్చింది, "చాలండీ చాలు" అంటాం. చేతులు మామూలుగా ఒళ్ళో పెట్టుకుని, తలెత్తి ఆవిడ వైపు చూసి, కాస్త నవ్వి, చాలు అన్నామనుకో, ఆకులో బొబ్బట్టు పడటం ఖాయం, నెయ్యితో సహా. ఆ చాలుకి అర్థం మొహమాటం, ఇంకోసారి అడగండి అని. అదే చాలు అంటూ ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, ఒళ్ళు కొంచెం ముందుకి వంచి కాపు కాస్తే అది నిజం చాలు, అయినా ఆవిడ ఒకసారి "సగం" అని బతిమాలి చూస్తుంది. చెయ్యి అడ్డం పెట్టి మాట అనకపోతే? అది కోపం కింద లెక్క, ఆవిడ మొహం చిన్నబోతుంది, ఏమైంది వీళ్ళకి అని లోపలికెళ్ళి చెప్పుకుంటారు. చూశావా, అదే చెయ్యి, అదే మాట, కానీ చెయ్యి ఒక్కటే, మాట ఒక్కటే, రెండూ కలిసి, మూడు సార్లూ మూడు అర్థాలు. పైగా మాట ముందా చెయ్యి ముందా అన్నది కూడా ఉంది, గరిటె దించాక చెయ్యి అడ్డం పెడితే అప్పటికే ఆలస్యం. ఇవేవీ మనకి ఎవరూ క్లాసు పెట్టి నేర్పలేదు, పుట్టిన దగ్గర్నుంచీ బంతుల్లో కూర్చుని నేర్చుకున్నాం. మీ అత్తగారు కూడా జీవితమంతా ఇలాగే మనుషుల్ని అర్థం చేసుకుంటూ వచ్చిన మనిషి, ఫోన్ చేతికొచ్చాక ఆవిడకి ఆ చేతులు, ఆ ఒంగడం, ఆ నవ్వు అన్నీ ఒక్కసారి మాయమైపోయాయి, కానీ అర్థం కట్టుకునే అలవాటు ఎక్కడికి పోతుంది.

ఇప్పుడు ఆ ఫోన్ కాల్ దగ్గరికొద్దాం. నువ్వు రాయలేదు గానీ నేను ఊహించగలను, ఆవిడ "వస్తున్నారా అమ్మా" అన్నాక నువ్వు మీటింగ్‌లో ఎవరో ఏదో అంటుంటే అది విని, ఒకటిన్నర రెండు సెకన్ల తర్వాత "చూస్తాం అత్తయ్యా" అని ఉంటావు. ఆ గ్యాప్ కూడా మాటే చెల్లీ. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ప్రశ్న అయ్యాక జవాబు ఎంతసేపటికి వస్తుందని కొందరు పది భాషల్లో కొలిచి 2009లో ప్రచురించారు, జపనీస్, డేనిష్, కొరియన్, లావో లాంటి భాషలు, వాటిలో తెలుగు లేదు గానీ ఆ పది భాషలూ ప్రపంచంలో రకరకాల చోట్లవి. సగటున సెకనులో ఐదో వంతు దగ్గర్లో జవాబు వచ్చేస్తుంది, ఔను అనే జవాబులు తొందరగా వస్తాయి, కాదు అనేవి లేటుగా వస్తాయి. మనకీ అనుభవమే కదా, అప్పు అడిగితే అవతలివాళ్ళు ఒక్క క్షణం ఆగారంటే ఇవ్వరని అప్పుడే తెలిసిపోతుంది, తర్వాత వాళ్ళేం చెప్పినా. అలాంటప్పుడు రెండు సెకన్ల మౌనం, దాని వెనక ఒక ఖాళీ మాట, దాని వెనక చదును గొంతు, ఇవి మూడూ వరసగా చెవిన పడితే "కోడలు రానంది" అని ఆవిడ కూతురుకి చెప్పడంలో ఆశ్చర్యం ఏముంది. దీనికి తోడు పల్లెలో సిగ్నల్. ఒక వైపు గొంతు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఎప్పటి నుంచో చెప్తోంది, నెట్ సరిగా లేని చోట వాట్సాప్ కాల్ అయితే అది ఎప్పుడో దాటిపోతుంది, ఆ లేటు కూడా నీ ఖాతాలోనే పడుతుంది, ఎందుకంటే వినేవాళ్ళకి అది నెట్‌వర్క్ లేటా మనిషి లేటా తెలీదు.

ఇంకోటి ఊఁ కొట్టడం. మన అమ్మమ్మలు కథ చెప్తూ మధ్యలో ఆపి "ఊఁ కొట్టవేంటే" అనేవాళ్ళు కదా, పిల్లలు నిద్రపోయారేమో చూసుకోడానికి మాత్రమే కాదది, ఊఁ లేకపోతే కథ నిజంగానే సాగదు. కెనడాలో విక్టోరియా యూనివర్సిటీలో జానెట్ బవేలాస్ అనే ఆవిడ టీమ్ దీన్ని పరీక్షించి 2000లో ప్రచురించింది. ఒకళ్ళు తమకి తృటిలో తప్పిన ప్రమాదం గురించి చెప్తుంటారు, ఎదురుగా కూర్చున్నవాళ్ళలో కొందరికి మాత్రం రహస్యంగా ఇంకో పని ఇచ్చారు, చెప్పేవాళ్ళ మాటల్లో "టీ" అక్షరంతో మొదలయ్యేవి లెక్కపెట్టమని. వాళ్ళు శ్రద్ధగానే వింటున్నారు, ఒక్క మాట వదలట్లేదు, కానీ అక్షరాలు వింటున్నారు తప్ప కథ వినట్లేదు, అందుకని అయ్యో అనాల్సిన చోట అయ్యో అనలేదు, కళ్ళు పెద్దవి చెయ్యాల్సిన చోట చెయ్యలేదు. ఫలితం ఏంటంటే చెప్పేవాళ్ళ కథే పాడైపోయింది, ముఖ్యంగా చివర, అసలు గుండె ఆగిపోయే ఘట్టం దగ్గర, తడబడి, చెప్పిందే మళ్ళీ చెప్పి, ఎలాగో ముగించారు. లాప్‌టాప్ చూస్తూ ఫోన్ మాట్లాడటం అంటే ఇదే. నువ్వు ఆవిడ మాటలన్నీ విన్నావు, కానీ ఆవిడకి మాట్లాడటం కుదరకుండా చేశావు, ఆవిడకి కారణం తెలీదు, ఏదో వెలితి మాత్రం తెలుస్తుంది. ఎదురుగా ఉంటే నువ్వు తల ఊపితే సరిపోయేది, మన తల ఊపుడు ఎంత చెప్తుందో మనకి తెలుసు, ఫోన్లో తల ఊపితే ఎవరికీ కనపడదు, అక్కడ ఊఁ, అవునా, అయ్యో, అలాగా ఇవన్నీ నోటితోనే అనాలి.

అందుకని మొదటి పని, మీటింగ్‌లో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తితే ఒక్క వాక్యం, "అత్తయ్యా మీటింగ్‌లో ఉన్నా, ఏడింటికి నేనే చేస్తా", ఏడింటికి చెయ్యి. ఎత్తకపోయినా ఫర్వాలేదు గానీ సగం మనిషివై మాట్లాడకు. రెండో పని, "చూస్తాం" అనే మాట ఆవిడ దగ్గర మానెయ్. దాని వెనక నీకు తెలిసిందంతా బయట పెట్టు, "రావాలనే ఉంది అత్తయ్యా, లీవ్ శుక్రవారం తేలుతుంది, తేలగానే ముందు మీకే చెప్తా". ఇందులో ఇష్టం ఉంది, కారణం ఉంది, రోజు ఉంది. నీ గొంతు చదునుగా ఉన్నా, నెట్ లేటైనా, ఈ వాక్యంలో ఆవిడ నింపుకోవాల్సిన ఖాళీ లేదు. మొహం, గొంతు చెయ్యలేని పనిని మాట చెయ్యగలదు, కాకపోతే దాని చేత పూర్తిగా చేయించాలి.

గ్రూప్‌లో "ఓకే." సంగతి. అక్కడ గొంతు కూడా లేదు, అక్షరాలే. అక్షరాల్లో మనం ఏమనుకుంటామంటే నా మనసులో ఉన్న టోన్ అవతలివాళ్ళకి వినిపిస్తోంది అని, ఎందుకంటే టైప్ చేసేటప్పుడు మన చెవిలో అది మోగుతూ ఉంటుంది. అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ వాళ్ళు 2005లో ఇది లెక్కగట్టారు, కొన్ని వాక్యాలు ఎత్తిపొడుపుగా, కొన్ని మామూలుగా రాయించి ఈమెయిల్‌లో పంపిస్తే, పంపినవాళ్ళు 78 శాతం సరిగ్గా అర్థమవుతాయనుకున్నారు, అయింది 56 శాతం. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది. అవే వాక్యాలు గొంతుతో చెప్తే నాలుగింట మూడు దాకా అర్థమయ్యాయి. ఇక నీ చుక్క. బింగ్‌హామ్టన్ యూనివర్సిటీ వాళ్ళు చిన్న మెసేజ్ జవాబుల చివర ఫుల్‌స్టాప్ పెట్టి, పెట్టకుండా చూపిస్తే, చుక్క ఉన్నవి మనస్ఫూర్తిగా అన్నట్టు లేవు అన్నారు చదివినవాళ్ళు, అదే జవాబు చేత్తో కాగితం మీద రాసి చూపిస్తే ఆ తేడా రాలేదు. అంటే చుక్కలో తప్పు లేదు, ఫోన్‌లో ఒక్క మాట జవాబుకి చుక్క పెడితే తలుపు మూసిన శబ్దం వస్తుంది అంతే. పండక్కి అరిసెలు చేయిస్తున్నా అని ఆవిడ పెట్టారంటే పాకం పట్టడానికి మనిషిని మాట్లాడుకుని, బియ్యం నానబోసి, పిండి కొట్టించి, అంత చేస్తూ ఒక్క మాట మీకు చెప్పారన్నమాట, దానికి ఓకే అనేది ఆఫీస్ చాట్‌లో టికెట్ క్లోజ్ చేసే మాట. "నువ్వులవి కూడా చేయిస్తున్నారా అత్తయ్యా, ఆయనకి అవే ఇష్టం" అని పెట్టు, ఎమోజీలు అక్కర్లేదు. పెడితే తప్పేం లేదు, 1982లో అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో స్కాట్ ఫాల్మన్ కోలనూ గీతా బ్రాకెట్టూ కలిపి నవ్వు మొహం గుర్తు పెడదామన్నది కూడా ఈ ఇబ్బంది వల్లే, కంప్యూటర్ బోర్డు మీద జోకుల్ని జనం నిజమనుకుంటున్నారని. కానీ బొటనవేలు ఎమోజీ ఒక్కటే పడేస్తే మాత్రం ఓకే కంటే పెద్ద తేడా ఉండదు. నాకైతే నువ్వు వారానికి రెండు మూడు వాయిస్ మెసేజ్‌లు పెట్టడం బావుంటుందనిపిస్తోంది, చిన్నవి, అర నిమిషం లోపు, ఆవిడ మళ్ళీ మళ్ళీ వినచ్చు, పక్కింటావిడకి వినిపించుకోవచ్చు కూడా.

నవ్వడం నేర్చుకోవాలా అన్నావు. వద్దు. ఇది చాలా సీరియస్‌గా చెప్తున్నా. రాని నవ్వు తెచ్చిపెట్టుకుంటే మాట ఒక దారి, మొహం ఒక దారి అయిపోతాయి, పెద్దవాళ్ళు అది ఇట్టే పట్టేస్తారు, ఇప్పుడున్న సమస్యకి తోడు "నటిస్తోంది" అనేది ఒకటి చేరుతుంది. నీకు ఎన్ని దారులున్నాయో చూడు ముందు. మన నాట్యశాస్త్రంలో అభినయం నాలుగు రకాలని చెప్పారు, ఆంగికం అంటే ఒంటితో, మొహంతో చేసేది, వాచికం మాటతో, ఆహార్యం కట్టూబొట్టూ నగలతో, సాత్వికం లోపల కలిగిన భావం చెమటగా, వణుకుగా, కన్నీరుగా తనంతట బయటికి రావడం. కూచిపూడిలో ఈ నాలుగూ ఒకే మనిషిలో చూడచ్చు, ఎందుకంటే అక్కడ పాత్రధారి ఆడటమే కాదు, మాట్లాడతాడు, పాడతాడు కూడా. భామాకలాపంలో సత్యభామ మొగుడి పేరు నోటితో చెప్పడానికి సిగ్గుపడే ఘట్టం ఉంటుంది, వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆడవేషంలో ఆ సిగ్గు ఆడితే జనం అలా చూస్తుండిపోయేవాళ్ళు, మాట ఆగిపోయిన చోట చూపు, మెడ, చెయ్యి, జడ అన్నీ కలిసి ఆ పేరు చెప్పేవి. నీది దానికి రివర్స్, నీకు మొహం ఆగిపోతుంది, మాట ఉంది, కట్టూ ఉంది, చేతులున్నాయి.

కాబట్టి పండక్కి వెళ్ళినప్పుడు ఆవిడ నీకు పెట్టిన చీరల్లో ఒకటి కట్టుకో. కట్టుకుని ఊరుకోకు, "ఇది మీరు పెట్టిందే అత్తయ్యా, శ్రావణ మాసంలో" అని ఒక్క మాట అను, ఎప్పుడు పెట్టారో గుర్తుపెట్టుకుని. చీర మాత్రమే అయితే ఆవిడ వంటింటి హడావిడిలో గమనించకపోవచ్చు, మీరంటే నాకు ఇష్టం అని మాట మాత్రమే అయితే నీ మొహంతో అది పొడిగా ఉంటుంది, రెండూ కలిస్తే వేరే. అలాగే హాల్లో సోఫాలో కూర్చుని "ఏమన్నా చెయ్యనా అత్తయ్యా" అని అడగటం వేరు, వంటింట్లోకి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడి చిక్కుడుకాయల పళ్ళెం ముందుకి లాక్కుంటూ "ఇవి నేను వలుస్తా" అనడం వేరు. మాట దాదాపు అదే. మొదటిదానికి ఏ అత్తగారైనా "ఏం లేదులే కూర్చో" అంటారు, రెండోదానికి అలా అనలేరు. పక్కపక్కన పని చేసుకుంటూ మాట్లాడుకుంటే ఇంకో లాభం ఉంది, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోనక్కర్లేదు, నీ మొహంలో ఏముందా అని ఆవిడ వెతుక్కోరు, చేతులు కదులుతుంటాయి, మాట వస్తుంటుంది. చేతులు కదలడం చిన్న విషయం కాదు, పుట్టుకతో చూపు లేని పిల్లలు కూడా మాట్లాడేటప్పుడు చేతులు కదిలిస్తారని జానా ఐవర్సన్, సుసాన్ గోల్డిన్ మెడో 1998లో చూపించారు, అవతల ఉన్నది కూడా చూపు లేని మనిషే అని తెలిసినా కదిలిస్తారట. చెయ్యి మాటకి అలంకారం కాదు, మాటతో పాటే పుడుతుంది.

ఒకసారి తీరిక చూసుకుని నేరుగా చెప్పెయ్ కూడా. "అత్తయ్యా నాకు చిన్నప్పట్నుంచీ మొహంలో పెద్దగా తెలీదు, మా అమ్మ కూడా తిట్టేది, లోపల సంతోషంగానే ఉంటా, మీకు ఎప్పుడైనా అనుమానం వస్తే నన్నే అడగండి". పెద్ద ఉపన్యాసం వద్దు, ఇంతే. ఇది విన్నాక ఆవిడ నీ మొహాన్ని కొత్త లెక్కతో చూస్తారు.

ఇక ఆవిడ "నాకేం, బానే ఉన్నా". మాట నమ్మాలా గొంతు నమ్మాలా అంటే ఏదో ఒకటి ఎంచుకోకు. గొంతు తేడాగా ఉందంటే ఏదో ఉంది, ఏముందో మాత్రం గొంతు చెప్పదు. మనకి మనుషుల మనసు చదివేస్తాం అని నమ్మకం ఎక్కువ, కానీ అబద్ధమా నిజమా చెప్పమన్న ప్రయోగాలన్నీ పోగేసి చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో 2006లో లెక్క చూస్తే జనం సరిగ్గా చెప్పింది సగటున 54 శాతమే. అందుకని "లేదు మీరు బాలేరు, ఏదో దాస్తున్నారు" అని తీర్పు చెప్పకు, ఆవిడ ఇంకా గట్టిగా బానే ఉన్నా అంటారు. నీకు వినిపించింది వినిపించినట్టు చెప్పి, ఆవిడ తేలిగ్గా జవాబు చెప్పగలిగే చిన్న ప్రశ్న అడుగు, "గొంతు నీరసంగా ఉంది అత్తయ్యా, రాత్రి నిద్ర పట్టలేదా", "ఇవాళ ఏం వండుకున్నారు". ఒక్కళ్ళే ఉండే మనిషి ఏం వండుకున్నారో చెప్తే చాలా సంగతులు బయటికొస్తాయి, పొద్దుటి పులుసు పోసుకున్నా అంటే ఆ పూట వండుకోలేదని.

దీంట్లో నువ్వు అనుకోని కారణం ఒకటి ఉండచ్చు, ఆవిడ చెవులు. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేవి సన్నటి శబ్దాలు, స, శ, ఫ లాంటివి, అందుకని గొంతు వినిపిస్తుంది గానీ మాట స్పష్టంగా తెలీదు, అందులో ఫోన్ అయితే ఇంకా కష్టం. అలా అయినవాళ్ళు నాకు వినపడలేదు అని చాలామంది చెప్పరు, పొడిపొడిగా "ఆఁ, బానే ఉన్నా" అని ముగించేస్తారు, మనకది అలకలా ఉంటుంది. వీడియో కాల్ చేసి చూడు, పెదాలు కనిపిస్తే మాట బాగా తెలుస్తుంది, పైన చెప్పిన గ, బ సంగతి ఇక్కడ మనకి సాయం చేస్తుంది. నీ మొహమ్మీద వెలుతురు పడేలా కూర్చో, కిటికీ వెనక పెట్టుకోకు. వీడియోలో ఆవిడ ధోరణి మారి చక్కగా మాట్లాడుతున్నారంటే పండక్కి వెళ్ళినప్పుడు తెనాలిలోనో గుంటూరులోనో చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

తక్కువ మాట్లాడితే పోతుందేమో అన్నావు. పోదు. ఆవిడ మెసేజ్‌కి నువ్వు జవాబివ్వకపోతే అది కూడా ఒక జవాబులాగే వెళ్తుంది, అదీ అన్నిటికంటే ఖాళీ జవాబు, ఆవిడ దాన్ని దేంతో నింపుకుంటారో నీ చేతుల్లో ఉండదు. పైగా నువ్వు మాట బలం ఉన్న మనిషివి, ఉన్న బలం వదులుకుంటే ఎలా.

మీ ఆయన సంగతి కూడా ఒక మాట. "చెప్పే తీరు" అనేసి వదిలేస్తే నువ్వేం దిద్దుకుంటావు. ఈసారి అంటే కూర్చోబెట్టి అడుగు, ఏ తీరు, లేటుగా చెప్పానా, గొంతా, మొహమా, మాట చిన్నదైపోయిందా, ఏ రోజు ఏ మాట దగ్గర అని. వాళ్ళమ్మ ఎప్పుడు ఎలా అంటే ఏంటో ఆయనకి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు, ఆ తెలిసింది నీకు నేర్పడం ఆయన పని, మీ ఇద్దరి మధ్య పోస్ట్‌మాన్ అవ్వడం కాదు. నీ మాట ఆయన నోట వెళ్తే అందులో నీ గొంతు ఉండదు, ఆయన మూడ్ ఉంటుంది. ఆడపడుచుకి విడిగా ఫోన్ చేసి నేనలా అనలేదు అని వాదించద్దు, అక్కడ గెలిచినా మీ అత్తగారికి అది ఇంకోలా చేరుతుంది.

శుక్రవారం లీవ్ తేలగానే నువ్వే ఫోన్ చెయ్యి, గ్రూప్‌లో పెట్టకు. వస్తే ఏ రోజు ఏ బండికి దిగుతారో చెప్పు, ఎన్ని రోజులుంటారో చెప్పు. లీవ్ రాకపోతే అది కూడా వీడియో కాల్‌లోనే చెప్పు, ముందు రాలేకపోతున్నాం అని చెప్పేసి తర్వాత కారణం చెప్పు, తర్వాత ఎప్పుడొస్తారో తేదీ చెప్పు, చెప్పాక ఫోన్ వెంటనే పెట్టెయ్యకు, ఆవిడ బాధపడితే పడనివ్వు, ఊఁ కొడుతూ విను, ఆవిడే అరిసెలు ఎవరితో పంపించాలో అనే దగ్గరికొచ్చేదాకా ఉండు.